మా అమ్మాయి కుక్కకి నేను తాతనెట్లా అవుతాను?

నల్లగొండ నాన్న

చెర్వుగట్టు జాతర అయిన వారానికి హైదరాబాద్ నుంచి మా అమ్మాయి ఫోన్ చేసి "నాన్నా, నువ్వు తాతవయ్యావ్" అంది. ఫోన్ స్పీకర్‌లో ఉంది. మా ఇంటామె చేతిలో చేట అక్కడే పడేసి పరుగెత్తుకొచ్చింది. పిల్లకి పెళ్ళయి మూడేళ్ళు, మేం అడగడం మానేసి ఏడాది, అట్లాంటిది ఒక్కసారిగా ఆ మాట చెవిన పడేసరికి ఆమె కళ్ళల్లో నీళ్ళు కూడా వచ్చాయి. "ఎన్నో నెల బిడ్డా?" అని అడిగింది. "మూడో నెల అమ్మా, ఫోటో పంపిస్తున్నా చూడు" అంది అటునుంచి.

ఫోటో వచ్చింది. కళ్ళు కనపడకుండా బొచ్చు, నెత్తి మీద పిలక, దానికి ఎర్ర రబ్బర్ బ్యాండు. షిట్జూ జాతి కుక్కపిల్ల అంట. పేరు మోమో.

మా ఇంటామె రెండు రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. అది అయిపోయింది, దాని గురించి కాదు ఇప్పుడు రాసేది. ఏప్రిల్‌లో అమ్మాయి, అల్లుడు ఇద్దరూ ఆఫీసు పని మీద ఆరు నెలలు జర్మనీ పోతున్నారు. మోమోను మా దగ్గర వదిలిపోతారట. నేను కాస్త ఆలోచించి చెప్తానంటే "మనవణ్ణి చూసుకోవడానికి కూడా ఆలోచిస్తారా నాన్నా" అని మొహం మాడ్చుకుంది. తను మమ్మీ, అల్లుడు డాడీ, వాట్సాప్ స్టేటస్ నిండా అదే.

కుక్కంటే నాకు పడదని అనుకోకండి. మా నాన్న దగ్గర ఏడు బర్రెలు, రెండు కుక్కలు ఉండేవి. కుక్క చచ్చిపోయిన రోజు ఆయన అన్నం తినలేదు. కానీ దానికి నాన్ననని ఎప్పుడూ చెప్పుకోలేదు. ఈ మమ్మీ డాడీ మాట సబబేనా? నేనే పాతకాలం మనిషినా? కోపం లేకుండా చెప్పండి.

క్లాక్‌టవర్ చాయ్

సార్, ముందు ఆంటీకి సారీ, కానీ రబ్బర్ బ్యాండు దగ్గర నవ్వు ఆపుకోలేకపోయాను.

నేనూ డాడీనే, రెండు పిల్లులకి. బయట ఎవరి ముందూ అనను, ఇంట్లో అంటాను. ఓనర్ అంటే నాకు బండి ఓనర్ గుర్తొస్తాడు. బండికి జ్వరం రాదు, రాత్రి రెండింటికి పరుపు మీద కక్కదు, మనం ఆఫీసు నుంచి వచ్చే టైముకి గుమ్మం దగ్గర కూర్చోదు. మరి ఆ చాకిరీ అంతా చేసేవాణ్ణి ఏమనాలి? ఇంకో సంగతి, 2015లో జపాన్ వాళ్ళు ఒక పరిశోధన చేసి సైన్స్ పత్రికలో రాశారు. కుక్క, దాని మనిషి ఒకరి కళ్ళల్లోకి ఒకరు చూసుకుంటే ఇద్దరిలోనూ ఆక్సిటోసిన్ అనే హార్మోన్ పెరుగుతుందట. తల్లీ బిడ్డా చూసుకున్నప్పుడు పెరిగేది కూడా అదే. మనిషి పెంచిన తోడేళ్ళతో కూడా చేసి చూశారు, వాటిలో ఇట్లా కనపడలేదు. అంటే మీ అమ్మాయి ఊరికే అనడం లేదు సార్, లోపల ఏదో జరుగుతుంది.

గొంగడి

హార్మోన్ సంగతి నాకు తెలవదు గానీ నేను గొర్రెలోళ్ళ ఇంట్లో పుట్టాను. మాది నారాయణపేట దిక్కు. మా నాన్న మందలో ప్రతి గొర్రెనూ మొహం చూసి గుర్తుపడతాడు, నా మొబైల్ నంబర్ మాత్రం ఇప్పటికీ గుర్తుండదు. తల్లి చచ్చిన పిల్లను ఇంకో గొర్రె దగ్గర పాలు తాగనియ్యాలంటే అది వాసన చూసి తన్నేస్తుంది. అందుకని నాన్న ఆ గొర్రె పాలే పిండి పిల్ల ఒంటికంతా రాసి, గొర్రె మెడ పట్టుకుని ఒకపూటంతా అట్లానే కూర్చుంటాడు. వానలో ఈనితే పిల్లను గొంగట్లో చుట్టి పొత్తికడుపుకి ఆనించుకుని తెస్తాడు. తల్లి చేసే పనులన్నీ చేస్తాడు. ఆరేడు నెలలకి అదే పొట్టేలు పిల్లను సంతకి తోలుతాడు, మంచి రేటొస్తే సంతోషంగా ఇంటికి వచ్చి కల్లు తాగుతాడు.

బిడ్డా అని నోటితో అంటే అమ్మలేడు. అందుకే అనడు అనుకుంటా. మీ అమ్మాయి అమ్మేది లేదు, కోసేది లేదు, కాబట్టి ఆమెకి ఆ మాట అనే సౌకర్యం ఉంది. తప్పని అనను, సౌకర్యమే అంటాను.

అమ్రాబాద్ అంచు

మా అయ్య నాగలి కట్టినప్పుడు ఎద్దును "నడువు కొడుకా" అంటాడు. నన్ను మాత్రం "ఎద్దు" అంటాడు.

క్లాక్‌టవర్ చాయ్

😂😂 అన్నా

అమ్రాబాద్ అంచు

నిజం తమ్ముడూ. మా దగ్గర పొడ తూర్పు ఎడ్లు, ఒంటి నిండా పొడలు ఉంటాయి కదా, నల్లమల అడవిలో మేసి పెరిగేవి, గుట్టలెక్కి దిగినా అలసిపోవు. ఏరువాక పున్నానికి వాటిని కడిగి, కొమ్ములకు రంగేసి, బొట్టు పెట్టి మనకంటే ముందు వాటికి పెడతారు. అంత చేసినా సాయంత్రానికి కొట్టంలోనే కట్టేస్తాం, మంచం మీద పండబెట్టుకోం. గౌరవం వేరు, చుట్టరికం వేరు. కొడుకా అనేది పిలుపు, రేషన్ కార్డుల పేరెక్కించడం కాదు.

కోర్టు మెట్లు

చట్టం సంగతి అడగలేదు కానీ చెప్తాను, ఎందుకంటే ఇందులో ఒక తమాషా ఉంది.

మన చట్టం లెక్కన కుక్క, బర్రె, గొర్రె అన్నీ ఆస్తి కిందికే వస్తాయి, మీరు యజమాని. 1960 నాటి జంతు హింస నివారణ చట్టంలో మూడో సెక్షన్, జంతువు ఎవరి చేతిలో ఉంటే దాని బాగోగులు చూడాల్సిన బాధ్యత వాళ్ళదే అంటుంది. ఆకలికో దాహానికో మాడిపోతుందని తెలిసీ దాన్ని వదిలేసిపోతే పదకొండో సెక్షన్ కింద నేరం. జరిమానా ఎంతో తెలుసా? మొదటిసారి అయితే పది రూపాయల నుంచి యాభై రూపాయలు. అప్పుడు రాసిన అంకె అట్లానే ఉంది. ఇప్పుడు యాభై రూపాయలకి ప్లేట్ మిర్చి రావడమే కష్టం.

తమాషా ఏమిటంటే తల్లిదండ్రుల మాట కోర్టులు కూడా వాడాయి. 2014లో జల్లికట్టు కేసులో సుప్రీంకోర్టు, తమను తాము కాపాడుకోలేని జీవాల హక్కులు చూడటం తల్లిదండ్రుల స్థానంలో నిలబడి కోర్టు చేయాల్సిన పని అంది (2023లో రాజ్యాంగ ధర్మాసనం జల్లికట్టుకి దారి ఇచ్చింది, అది వేరే కథ). 2018లో ఉత్తరాఖండ్ హైకోర్టు ఇంకా ముందుకు పోయి, ఆ రాష్ట్రంలోని పౌరులందరూ జంతువులకి తల్లిదండ్రుల స్థానంలో ఉన్నవాళ్ళే అని ప్రకటించింది. పౌరులందరూ! కుక్క అంటే గిట్టనివాళ్ళు కూడా. కాబట్టి పెద్దాయనా, మీరు నల్లగొండలో ఉన్నారు గనక బతికిపోయారు, డెహ్రాడూన్‌లో ఉంటే తాత కాదు, నేరుగా తండ్రే అయ్యేవారు.

కానీ చూడండి, కోర్టు ఆ మాట అన్నది బాధ్యత గుర్తు చేయడానికి. ముద్దుకి కాదు.

మిర్యాలగూడ రైస్

ముద్దు సంగతి నన్ను అడగండి. మా వీధిలో ఒకాయన లాబ్రడార్‌ని గొలుసు లేకుండా తిప్పుతాడు. పోయిన సంవత్సరం అది నా పిక్క పట్టుకుంది. రక్తం కారుతుంటే ఆయన అన్న మాట "మావాడు ఏమీ అనడండీ, ఆడుకుంటున్నాడు". పంటి గాటు మీదికి ఆ మాట. సబ్బుతో పావుగంట కడుక్కుని, ఆ రోజే ఒక సూది, తర్వాత మూడో రోజు, ఏడో రోజు, పద్నాలుగు, ఇరవై ఎనిమిది. ఐదు సార్లు దుకాణం మూసి పోవాల్సి వచ్చింది. దానికి టీకా కార్డు ఉందా అంటే "మా బాబు ఇల్లు దాటడు కదా, ఎందుకు వేయిస్తాం" అన్నాడు.

ఇదీ నా గొడవ. బాబు అంటే తప్పు కూడా బాబు చేసినట్టే అయిపోతుంది, అంటే తప్పే కాదన్నట్టు. యజమాని అనుకుంటే కనీసం గొలుసు పట్టుకునేవాడు.

క్లాక్‌టవర్ చాయ్

అన్నా అది ఆ మనిషి తప్పు, మాట తప్పు కాదు. సొంత కొడుకు బైక్ మీద వచ్చి గుద్దినా "మావాడు మంచోడు" అనేవాళ్ళు మన దగ్గర తక్కువా?

మిర్యాలగూడ రైస్

అది కూడా నిజమే లే. కానీ వాడికి సూదులు వేయించుకోను కదా.

దేవరకొండ అక్క

రాయాలా వద్దా అని నిన్నటి నుంచి అనుకుంటున్నాను.

నేను ఒక పాపను దత్తత తీసుకున్నాను. కారాలో, అంటే దత్తతలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థలో పేరు నమోదు చేసుకుని, ఇంటికి అధికారులొచ్చి చూసిపోయి, ఏళ్ళు ఎదురుచూసి తెచ్చుకున్నాం. ఇప్పుడు తనకి ఎనిమిదేళ్ళు. కుక్కకి అమ్మనని ఎవరన్నా అంటే నాకేం మంట లేదు, చాలామంది అనుకుంటారు నాలాంటి వాళ్ళకి కోపం వస్తుందని, రాదు. నన్ను గుచ్చిన మాట వేరే. పోయిన నెల హైదరాబాద్‌లో ఒక మాల్‌లో కుక్కపిల్లల మేళా పెట్టి "దత్తత తీసుకోండి, నచ్చకపోతే వారంలో తిరిగి ఇవ్వొచ్చు" అని బోర్డు పెట్టారు. మా పాప చదవడం నేర్చింది కదా, గట్టిగా చదివింది. చదివి నా మొహం చూసింది.

ఆ రోజు రాత్రి చాలా సేపు పక్కన పడుకుని మాట్లాడాల్సి వచ్చింది. కుక్కపిల్లలకి ఇల్లు దొరకాలి, అది మంచి పనే. ఆ మాట వాడకుండా కూడా దొరుకుతుంది.

ఇంకోటి. మా అమ్మ చదువుకోలేదు. పాప గురించి ఊళ్ళో ఎవరన్నా అడిగితే "మా బిడ్డ సాదుకుంటుంది" అంటుంది. దొడ్లో కోళ్ళ గురించీ అదే అంటుంది, "నాలుగు కోళ్ళు సాదుకుంటున్న". మొదట్లో నాకు కోపమొచ్చేది, నా బిడ్డనూ కోడినీ ఒక్క మాటతో చెప్తావా అని. ఇప్పుడు రావడం లేదు. ఆమె దృష్టిలో సాదుడు అంటే తిండి పెట్టి, రోగమొస్తే చూసి, గద్ద రాకుండా కాపలా ఉండి, పెద్దయ్యేదాకా చేసే పని. చేసే మనిషికి పేరు పెట్టలేదు, పనికి పెట్టింది.

గొంగడి

అక్కా దండం. మా నాన్న కూడా మందను "సాదుతున్న" అంటాడు, ఇన్నేళ్ళూ ఆ మాట నాకు వినపడనే లేదు.

కోర్టు మెట్లు

పెంపుడు తల్లి అంటాం, పెంపుడు కుక్క అంటాం. అదే మాట, ఒకచోట పెంచిన వాళ్ళకి, ఇంకోచోట పెరిగిన దానికి. మనకి ఇంత మంచి మాట ఉంటే వాళ్ళకి పెట్ పేరెంట్ ఎందుకు కావాల్సి వచ్చిందో.

క్లాక్‌టవర్ చాయ్

ఎందుకంటే సార్, "నేను పిల్లి పెంపుడు తండ్రిని" అని స్టేటస్ పెడితే మా అమ్మ నన్ను ఇంట్లోకి రానియ్యదు.

పశువుల డాక్టరమ్మ

నేను రోజూ చూసేది ఇదే కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, ఏమనుకోవద్దు.

మా దగ్గరికి మమ్మీలు, డాడీలు వస్తారు, యజమానులు వస్తారు, "సార్ వాళ్ళ కుక్క" అని పట్టుకొచ్చే డ్రైవర్లు కూడా వస్తారు. మాట చూసి ఎవరు బాగా చూసుకుంటారో చెప్పలేను. మమ్మీ అనుకునేవాళ్ళలో ఒక రకం, కుక్క రెండు రోజులు తినకపోతే మూడో రోజు వస్తారు, కార్డు, తేదీలు, అన్నీ తెస్తారు. ఇంకో రకం, రోజూ బిస్కెట్లు, ఐస్‌క్రీం పెట్టి, ఆరు కిలోలుండాల్సిన దాన్ని పది కిలోలు చేసి, "అడుగుతాడు మేడమ్, ఎట్లా కాదంటాం" అంటారు. మనిషి బిడ్డలాగే ఉండాలనుకుని చేసే హాని అది. కుక్కకి పుట్టినరోజు తెలియదు, చాక్లెట్ కేకు మాత్రం దానికి విషం. ద్రాక్ష, కిస్మిస్ కిడ్నీలని తింటాయి. ఉల్లి, వెల్లుల్లి రక్తకణాలని పాడు చేస్తాయి, ఆ సంగతి రెండు మూడు రోజులకి గాని బయటపడదు.

రైతులు బర్రెను తెస్తారు. "నా బిడ్డ" అని ఎవరూ అనరు. దూడ అడ్డం తిరిగితే రాత్రంతా దాని తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటారు. అది డెబ్బై ఎనభై వేల సొత్తు కాబట్టి కూర్చుంటారని కొందరు అంటారు. సగం నిజం. మిగతా సగం చూడాలంటే అది చచ్చిపోయినప్పుడు అక్కడ ఉండాలి.

తల్లి మాట ఎత్తారు కాబట్టి ఒకటి అడుగుతాను. ఆ షిట్జూని కన్నతల్లి ఎక్కడుంది? ఎవరూ అడగరు. కుక్కల్ని ఈనించి అమ్మేవాళ్ళ కోసం పెట్టిన 2017 రూల్స్ ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు, ఒక ఆడకుక్క చేత జీవితంలో ఐదు ఈతలకి మించి ఈనించకూడదు. కళ్ళు తెరిచి పది రోజులు కూడా కాని పిల్లల్ని అట్టపెట్టెలో తెచ్చిన వాళ్ళని నేను చూశాను. పెంచే తల్లికి ఇన్ని ముద్దు పేర్లు, కన్నతల్లి మాత్రం ఏదో షెడ్డులో జాలీ వెనక.

నల్లగొండ నాన్న గారూ, మీ ఇంటి సంగతికి వస్తే నాకు మాట గురించి టెన్షన్ లేదు, నెల గురించి ఉంది. ఏప్రిల్, మే! మనుషులమే మాడిపోతాం. షిట్జూ మూతి చప్పిడిగా ఉంటుంది, అట్లాంటి కుక్కలకి రొప్పి ఒళ్ళు చల్లబరుచుకోవడం కష్టం. కూలర్ లేని గదిలో మధ్యాహ్నం ఉంచొద్దు, బొచ్చు పొట్టిగా కత్తిరించండి గానీ చర్మం దాకా గీకించొద్దు, నడక సూర్యుడు రాకముందే. మీ అమ్మాయిని టీకా కార్డు అడగండి. మూడు నెలలు నిండాక వేసే రేబిస్ టీకా, దాని బూస్టర్ పడ్డాయా లేదా చూసుకోండి.

పాలమూరు బస్సు

అందరూ ఏమేమో రాశారు, నేను ఒక్క మాట మీద ఆగాను. తల్లినంటుంది, ఆరు నెలలు వదిలిపోతుంది అని పెద్దాయన రాయలేదు గానీ ఆ అర్థం ఉంది కదా లోపల?

మాది పాలమూరు. మా అమ్మా నాన్న గుంపు మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకుని ముంబై, పూణే పనులకి పోయేవాళ్ళు. దసరాకి వస్తే సంక్రాంతి లోపల మళ్ళీ బండెక్కాలి. నన్నూ చెల్లెనూ తాత, అవ్వ సాదారు. వదిలిపోయినంత మాత్రాన మా అమ్మ అమ్మ కాకుండా పోలేదు. ప్రతి నెలా డబ్బు వచ్చేది, ఎవరి చేతనో ఉత్తరం రాయించేది, చెల్లెకి జ్వరం అని తెలిస్తే మేస్త్రితో కొట్లాడి వచ్చేది. కాబట్టి మీ అమ్మాయి పోతుందా ఉంటుందా అని చూడకండి. పోయాక ఏం చేస్తుందో చూడండి. ఖర్చు పంపుతుందా, డాక్టర్‌తో తనే మాట్లాడుతుందా, ఆరు నెలలు ఎనిమిదయితే ఏమంటుంది. మమ్మీ అన్న మాట నిజమో స్టేటస్సో అప్పుడు తెలుస్తుంది.

ఒక్కటి మాత్రం తేడా. మాకు అమ్మ ఎక్కడికి పోయిందో చెప్పేవాళ్ళు. మోమోకి ఎవరు చెప్తారు?

నల్లగొండ నాన్న

అందరికీ నమస్కారం. నాలుగు రోజులుగా రోజూ చదువుతున్నాను, మా ఇంటామెకి కూడా చదివి వినిపించాను. ఎద్దు మాటకి నవ్వింది. దేవరకొండ చెల్లెమ్మ రాసింది రెండుసార్లు చదవమంది.

పాలమూరు తమ్ముడు అన్నది నిజం, నా లోపల ఆ మాట ఉంది. నిజానికి ఇంకోటి కూడా ఉంది, ఇక్కడ ఎవరికీ నా పేరు తెలియదు కాబట్టి రాస్తున్నాను. ఆ రోజు ఫోన్ చేసినప్పుడు కుక్కకి తాతనన్నందుకు కోపం రాలేదు. ఆ మాట ఇంకో దాని కోసం దాచిపెట్టుకున్నాం మేమిద్దరం, అది అట్లా ఖర్చయిపోయిందని బాధ. అమ్మాయికి ఆ సంగతి చెప్పలేం, చెప్తే ఒత్తిడి పెట్టినట్టు అవుతుంది. అది వాళ్ళిష్టం.

కుక్కను తెమ్మన్నాను. షరతులు చెప్పాను. టీకా కార్డు, నెలకింత, కూలర్ ఒకటి, ఆరు నెలలు దాటితే అల్లుడు వాళ్ళ అమ్మ దగ్గర. "నా పెళ్ళి సంబంధం చూసినప్పుడు కూడా ఇన్ని ప్రశ్నలు అడగలేదు నాన్నా నువ్వు" అంది. నిజమే, అడగలేదు.

క్లాక్‌టవర్ చాయ్

సార్ మోమో వచ్చాక ఫోటో పెట్టండి. రబ్బర్ బ్యాండుతో.

నల్లగొండ నాన్న

వచ్చి ఐదు రోజులైంది. ఫోటో మా ఇంటామె పెట్టనివ్వదు, దిష్టి అంట.

మొదటి రెండు రోజులు గేటు దగ్గరే కూర్చుంది, ఏ కారు చప్పుడైనా లేచి నిలబడేది. అమ్మాయి వీడియో కాల్ చేస్తే గొంతు విని ఫోన్ వెనకకి పోయి వెతికింది, అది చూసి అమ్మాయి ఏడ్చి కాల్ కట్ చేసింది. మూడో రోజు నుంచి మా ఇంటామె వెనక వెనకే తిరుగుతుంది. ఆమె వంటింటి గడప దాటనివ్వదు, అది గడప మీద గడ్డం పెట్టి పడుకుంటుంది. ఆమె దాన్ని మోమో అని కూడా అనదు, "ఏయ్ బొచ్చు" అంటుంది.

డాక్టరమ్మా, ఒక సందేహం. ప్యాకెట్ తిండి దానికి సయించడం లేదని నిన్న పొద్దున మా ఇంటామె పప్పన్నం కలిపి పెట్టింది. తర్వాత గుర్తొచ్చింది, పప్పులో ఉల్లిపాయలు వేసింది. భయమేస్తుంది. ఏం చేయమంటారు?

పశువుల డాక్టరమ్మ

ఎంత తిన్నది? ఉల్లిపాయ ముక్కలు తిన్నదా? బరువెంత? చిగుళ్ళు పాలిపోయాయా, మూత్రం ఎర్రగా వస్తుందా చూసి వెంటనే చెప్పండి. ఈరోజే దగ్గర్లో ఉన్న డాక్టర్‌కి చూపించండి, రేపటికి పెట్టుకోవద్దు.

నల్లగొండ నాన్న

ఇప్పుడే చూపించుకొచ్చాం. నాలుగున్నర కిలోలుంది. చిగుళ్ళు ఎర్రగానే ఉన్నాయి, భయం లేదు, నాలుగు రోజులు కనిపెట్టి ఉండమన్నారు. ముక్కలు ఒక్కటి కూడా తినలేదు. మూతితో పక్కకి నెట్టి, గిన్నె చుట్టూ వరసగా పెట్టి, అన్నం మాత్రం నాలుగు మెతుకులు తిన్నది.

మా అమ్మాయి కూడా చిన్నప్పుడు అంతే.

పశువుల డాక్టరమ్మ

సరే. ఇకనుంచి దానికి విడిగా వండండి, ఉప్పు కారం లేకుండా, ఉడికించిన చికెన్ ఎముకలు తీసేసి కొంచెం అన్నంతో. శనివారం మళ్ళీ బరువు తూచి రాయండి.